దానయ్య తెల్లగోడ

సోమన్న మాస్టారికి ఒక అలవాటు ఉంది. సూటిగా అడిగినవాళ్లకి సూటిగా జవాబు చెప్పరు. భీమిలిలో ఆయన ఇంటి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు మేం ఏడెనిమిది మందిమి కూర్చుని ఉపనిషత్తులు చదువుకుంటాం. ఎవరైనా సందేహం అడిగితే ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెడతారు. అద్దాలు తుడవడం అయ్యేలోగా ఎక్కడిదో ఎవరిదో సంగతి ఒకటి బయటికొస్తుంది. దానికీ మన సందేహానికీ సంబంధం ఏమిటో ఇంటికెళ్లాక మనమే తేల్చుకోవాలి. ఇరవై రెండేళ్లుగా వెళ్తున్నాను, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అయినా మానలేదు.

ఆ రోజు అడిగింది సీతారత్నం. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. అక్కయ్య మాణిక్యమ్మగారి భర్త పోయినప్పటి నుంచి అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. రత్నం సంచిలో ఉపనిషత్తు పక్కన ఎప్పుడూ ఇంకో పుస్తకం ఉంటుంది, నీలం అట్ట నోటుబుక్కు. పదకొండేళ్లుగా ఆవిడ అందులో ఒక ప్రయాణం రాసుకుంటోంది. ఇచ్ఛాపురానికీ తడకీ మధ్య మన తీరమంతా, సముద్రానికి ఎంత పక్కగా వెళ్లగలిగితే అంత పక్కగా, కారులో. ఏ ఊరి రోడ్డు ఇసక దాకా వెళ్తుంది, ఏ ఏటి దగ్గర చుట్టు తిరగాలి, గోదావరి మీద కారుని పంటు ఎక్కించి దాటించేది ఎక్కడ, సరుగుడు తోటల్లోంచి పొద్దు పొడవడం ఏ ఊళ్లో బాగుంటుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఇందుకోసమే యాభై దాటాక కారు నడపడం నేర్చుకుంది. ఆ పుస్తకంలో లేనిదల్లా బయల్దేరే తేదీ.

"మాస్టారూ, ఇచ్ఛాపురం నుంచి మొదలుపెట్టమంటారా, తడ నుంచి మొదలుపెట్టమంటారా?" అని అడిగింది.

అందరం నవ్వాం. నేనైతే, ఉపనిషత్తు పాఠంలో ట్రావెల్స్ ఆఫీసు తెరిచావేమిటి రత్నం అని కూడా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"నవ్వండి. అక్కయ్యకి చూపు తగ్గిపోతోంది. ఇంకో ఏడాది అన్నారు డాక్టరుగారు, అదీ గట్టిగా అనలేదు. ఇన్నాళ్లూ అది కుదరలేదు, ఇది కుదరలేదు అని నేనే వాయిదా వేశాను. ఇప్పుడు అన్నీ కుదిరాయి, భయం పట్టుకుంది. కళ్లు మూసుకుంటే చాలు, పదకొండేళ్లుగా నాకు ఆ తీరమంతా కనిపిస్తుంది. తీరా వెళ్లాక అదేం లేకపోతే? ఉత్త నీళ్లూ, ఇసకా అయితే? అనుకోవడానికి కూడా ఇంకేం మిగలదు కదా మాస్టారూ."

"ఆ నీళ్లూ ఇసకా రోజూ చూస్తూనే ఉన్నావు కదమ్మా. నాలుగు అడుగులు వేస్తే ఇక్కడే ఉంది సముద్రం."

"ఇది మన ఊరి సముద్రం. అది వేరు."

మాస్టారు కళ్లజోడు తీశారు. "అక్కయ్య ఏమంటుంది?"

"ఆవిడేమంటుంది! ఏటా కార్తీకం రాగానే, ఈ ఏడేనా రత్నం, అని ఒకసారి అడుగుతుంది. ఇంకా పూర్తిగా రాసుకోలేదక్కా అంటాను. మళ్లీ ఏడాది దాకా అడగదు."

మాస్టారు అద్దాలు తుడుస్తూ మొదలుపెట్టారు.

ఆయన వయసులో ఉన్నప్పుడు భావనపాడు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయనకీ అప్పుడు రత్నం జబ్బే ఉండేది. తీరమంతా ఈ చివర నుంచి ఆ చివరకి చూడాలి. దారి చూపించే ఫోన్లు లేని రోజులు. ఆ తీరం తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే ఉండేవాడు, సూరాడ దానయ్య. అరవై దాటిన మనిషి. తెరచాప నావ మీద ఏటా దక్షిణంగా పూడిమడక అవతల దాకా చేపల వేటకి వెళ్లి వచ్చినవాడు. "ఒడ్డంతా నాకు నోటికొచ్చు బాబూ, రాసుకో" అన్నాడట.

మాస్టారు ఒక వానాకాలమంతా దానయ్య గుమ్మంలో కూర్చుని రాసుకున్నారు. వేటకి వెళ్లేవాళ్లకి దారి తెలిసేది ఒడ్డున ఉన్న కొండల వల్ల, చెట్ల వల్ల. చిన్న కొండ వెళ్లి పెద్ద కొండ వెనక దాక్కుంటే ఫలానా ఊరు వచ్చినట్టు. గుడి గోపురం సరిగ్గా తాడిచెట్టు మీదకి వస్తే నావ కింద రాళ్లున్నట్టు. అక్కడ చేప ఉంటుంది గాని వల చిరిగిపోతుంది, గాలమే వేయాలి. పడుకున్న ఆవు కొండ ఒకటి, ముక్కు తెగిన కొండ ఒకటి. అలా యాభై మూడు గుర్తులు చెప్పాడు. మాస్టారు వాటిని ఊళ్ల వరసలో ఎత్తి రాసుకుని, ఇంక దారి తెలిసిపోయిందని సంబరపడ్డారు.

ఆ యాభై మూడింటిలో ఒకటి చెప్పేటప్పుడు మాత్రం దానయ్య గొంతు మెత్తబడేది. అది తెల్లగోడ. కొండ మీద ఒంటి తాడిచెట్టు, దానికి నేరుగా కింద ఒడ్డున తెల్లటి గోడ. ఆ రెండూ ఒక వరసలో కనబడిన చోట రాళ్లుంటాయి.

"మాగమాసంలో ఎల్లి ఆ రాల్ల మీద నావ నిలిపీవోణ్ణి బాబూ. రెండు నెల్లు, పొద్దస్తమానం గాలం పట్టుకుని కూకోడవే. ఎటు సూసినా నీల్లు. భూమంటే నాకా గోడొక్కటే. ఎంత తెల్లగుండీదనుకున్నావు! ఆ కొంపెవులిదో, అందులో ఎవులున్నారో. ఓ పూట దాని నీడన కూకుంటే సాలుననుకునీవోణ్ణి."

గోడ ముందంతా రాళ్లు కాబట్టి నావ అక్కడ ఒడ్డుకి ఆనదు. వాళ్లు దిగే రేవు ఏటికి ఇవతల ఉండేది. నడిచి వెళ్దామంటే వేట పోతుంది. అలా ముప్పయ్యేళ్లు దూరం నుంచే చూశాడు. తరవాత మోకాళ్లు పోయి నావెక్కడం మానేశాడు.

దానయ్య ఈ గోడ సంగతి ఎత్తినప్పుడల్లా అతని భార్య పోలమ్మ, వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ ఒక మాట విసిరేది. "ఆ గోడకే పుస్తి కట్టీవలిసింది మావా. నానీ కొంపలో కూడొండక్కర్నేకపోను."

మాఘమాసంలో మాస్టారు అయిదు రోజులకి అంబాసిడర్ టాక్సీ మాట్లాడారు. దానయ్య కొత్త పంచె కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. పోలమ్మని ఎవరూ రమ్మనలేదు. ఆవిడే ఒక చిన్న మూట చంకన పెట్టుకుని వచ్చి అతని పక్కన ఎక్కేసింది. టెక్కలి సంత దాటి ఎరగని మనిషి. మాస్టారు తెల్లబోయి చూస్తే, "పిలుపు కోసరం కూకుంటే ఈ జల్మకవ్వదు బాబూ, పోనీమను" అందట.

మొదటి రోజు ఒక్క గుర్తూ కనబడలేదు. ఆవు కొండ రాలేదు. చిన్న కొండ పెద్ద కొండ వెనక్కి వెళ్లలేదు, ఎంత దూరం పోయినా దాని పక్కనే ఉంది. గోపురం ఒక చోట, తాడిచెట్టు ఇంకో చోట. మాస్టారు ముందు సీట్లో పుస్తకం తిరగేస్తూ, డ్రైవరుని ఆపమంటూ, మళ్లీ పోనీమంటూ సతాయించారు. తీరమంతా చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది. రెండో రోజు మధ్యాహ్నానికి గాని ఆయనకి తట్టలేదు. ఇది చెప్పేటప్పుడు అద్దాలు తుడవడం ఆపి మావైపు చూశారు. "సముద్రంలోంచి చూడటానికి రాసిన పుస్తకం రోడ్డు మీద తెరిచాను, వెర్రివెధవని."

దానయ్యకి ఇంకా కష్టంగా ఉంది. నోటికొచ్చన్న ఒడ్డులో తనకి ఒక్క చోటూ తెలియలేదు. తిండి సరిగ్గా తినడం మానేశాడు. "నీకు అబద్దం సెప్పినట్టయిపోనాది బాబూ" అని మాస్టారితో ఒకటికి రెండుసార్లు అన్నాడు. పోలమ్మ మాత్రం కారు అద్దంలోంచి కొత్త ఊళ్లు చూసుకుంటూ కూర్చుంది. ఆవిడకి దొరకవలసిన గుర్తులేం లేవు.

మూడో రోజు పూడిమడక దాటాక, తను దిగే రేవు పక్క ఏరు చూసి దానయ్య ఇక్కడే అన్నాడు. కారు ఏరు దాటి, మట్టిరోడ్డు చివర ఆగింది. అక్కడి నుంచి ఇసకలో నడిచారు. తెల్లగోడ ఎక్కడండీ అని దారిలో ఇద్దరు ముగ్గుర్ని అడిగారు. అలాంటిది మా ఊళ్లో లేదన్నారు. దానయ్య మోకాళ్లు పట్టుకుంటూ, సముద్రానికి వీపు పెట్టి, తోటల వంకా ఇళ్ల వంకా చూస్తూ ఒడ్డు పొడుగునా తిరిగాడు. గంటయింది, రెండు గంటలయింది. ఇంత దూరం వచ్చి అది చూడకుండా వెనక్కి వెళ్తే ఈ మనిషి ఇంక లేవడు అని మాస్టారికి భయం వేసిందట.

పోలమ్మ అలిసిపోయి, దగ్గర్లో సగం కూలిన ఇటుక గోడ ఒకటి ఉంటే దాని పక్కన కూలబడింది. పాత ఉప్పు కొటారు గోడ. సాయంత్రం అవుతోంది కాబట్టి సముద్రం వైపున దానికి కాస్త నీడ ఉంది.

"మావా," అని పిలిచింది కాసేపటికి, "ఆ నావలేటి, అన్నీ ఒక్కకాడే నిలబడ్డాయి?"

దానయ్య వెనక్కి తిరిగాడు. మూడు రోజుల్లో అతను సముద్రం వైపు సరిగ్గా చూడటం అదే మొదలు. మైలు దూరాన ఏడెనిమిది నావలు దగ్గరదగ్గరగా నిలిచి గాలాలు వేస్తున్నాయి. మాఘమాసంలో నావలు అలా నిలిచాయంటే వాటి కింద రాళ్లున్నట్టు. అతను మెల్లిగా మళ్లీ ఇటు తిరిగాడు. కొండ మీద ఒంటి తాడిచెట్టు ఉంది. దానికి నేరుగా కింద పోలమ్మ ఉంది. పోలమ్మ వెనక గోడ ఉంది.

"ఇదా" అన్నాడు.

దగ్గరికొచ్చి గోడ మీద చెయ్యి వేశాడు. ఎన్నేళ్ల కిందటో కొట్టిన సున్నం ఇటుకల సందుల్లో మాత్రం మిగిలింది. గోరుతో గీకితే కాస్త రాలింది. అది ఎవరి ఇల్లూ కాదు. అందులో ఎప్పుడూ ఎవరూ లేరు, ఉప్పు బస్తాలుండేవి.

పోలమ్మ గోడ వంక చూడనేలేదు. కళ్లు చికిలించి నావల వంకే చూస్తోంది.

"ఎంత సిన్నగ అవుపడతన్నాయి మావా! మడిసి అవుపడడు." కోపం లేకుండానే అంది. "మనూర్లోనూ అంతే. రెండు నెల్లు నువ్వీ గోడ సూసుకునీవోడివి. నాను అక్కడొడ్డున కూకుని నీల్లు సూసీదాన్ని, నీ తెరసాప ఎప్పుడొస్తాదా అని. నీకు గోడయినా అవుపడీది."

దానయ్య వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. సగం గోడ కూలిపోవడంతో ఆ నీడ ఇద్దరికి చాలదు. ఆవిణ్ణి లోపలికి జరగమని, తను ఎండ పడుతున్న వైపు కూర్చున్నాడు. వేలు చాపి, "అదిగో, ఆ మూడో నావుంది సూడు, సరిగ్గా అక్కడే నాను" అన్నాడు. పోలమ్మ ఆ వేలు పట్టుకుని సరిచేసి, "ఏదీ, ఇటా?" అంది.

నావలు ఇళ్లకి మళ్లేదాకా ఇద్దరూ లేవలేదు. మర్నాడూ అక్కడికే తీసుకెళ్లమన్నారు. టాక్సీ మాట్లాడుకున్న అయిదు రోజులూ అలా అయిపోయాయి.

"అందుకే తడ నేను చూళ్లేదు" అని మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

నేనే ఉండబట్టలేక, ఇంతకీ రత్నం అడిగిందేమిటి, మీరు చెప్పిందేమిటి మాస్టారూ అన్నాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. రత్నం నీలం అట్ట పుస్తకం ఒళ్లో మూసుకుని కూర్చుంది.

"కారు నువ్వే నడుపుతావా అమ్మాయ్?" అని అడిగారు మాస్టారు.

"నేనే మాస్టారూ."

"అయితే ఇచ్ఛాపురం నుంచి బయల్దేరు. సముద్రం ఎడమ పక్కకి వస్తుంది. ఆ సీటు మీ అక్కయ్యది."