రతీదేవి అడిగిన వరం

అనగా అనగా, మోదుగులు పూచే కొండల నడుమ ఒక రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకో గురువు. గురువు అన్నదే రాజుకు వేదం. ఏటా ఫాల్గుణ పున్నమికి రాజు ఒళ్లంతా విభూతి పూసుకుని, పులితోలు కట్టి, శివుడి వేషంలో వచ్చి కాముడి కట్టెలకు నిప్పు పెట్టేవాడు. మరునాడు జనం రంగులు చల్లుకునేవారు.

ఒక ఏడు వానలు కురవలేదు. "ఆడవాళ్ల గజ్జెల చప్పుడుకు వరుణుడు అలిగాడు" అన్నాడు గురువు. గజ్జెలన్నీ ఆ మంటలో వేశారు. వాన రాలేదు.

రెండో ఏడు, "ఆడవాళ్ల పాటలకు అలిగాడు" అన్నాడు. పాటలు మానేశారు. వడ్లు దంచేచోట కూడా రోకలి చప్పుడే మిగిలింది. వాన రాలేదు.

మూడో ఏడు, "మొగుడు పోయినా నవ్వే ఆడది ఒకతె ఉంది. ఆమెను రతీదేవిని చేసి, కాముడితోపాటు కాల్చాలి" అన్నాడు. వరుణుడి అలకలన్నీ ఆడవాళ్ల మీదే ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆమె పేరు రేలమ్మ. మోదుగుపూలు ఏరి, ఉడకబెట్టి, పండక్కి రంగునీళ్లు అమ్ముకునేది. భటులు వచ్చేసరికి పొయ్యి మీద పూలు కుతకుత ఉడుకుతున్నాయి.

"సోమక్కా, చూస్తున్నావా?" అని పొరుగింటి వైపు కేకేసింది.

"చూడట్లేదే తల్లీ!" అంది సోమక్క తలుపు మూస్తూ. "నవ్వొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఇప్పుడు నన్ను పిలవకు."

రేలమ్మకు పసుపు చీర కట్టి, దండ వేసి, కట్టెల కుప్ప మీద నిలబెట్టారు. నాలుక పిడచకట్టింది. ఎదురుగా నిన్నటిదాకా ఆమె దగ్గర రంగు కొన్న మొహాలే. ఒక్కరూ తలెత్తలేదు. పిల్లలు తల్లుల కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. రాజు చేతిలో కాగడా చిటపటమంటూ దగ్గరికొచ్చింది.

అప్పుడు ఆమెకు తోచింది. కథలో రతి కాలలేదు! ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. తెలిసే ఊరుకున్నారు. కాగడా కంటే ఆ సంగతికే ఆమె ఒళ్లు ఎక్కువ జలదరించింది.

"స్వామీ..." అంది. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది.

"ఏడుపులు పనికిరావు" అన్నాడు గురువు.

"ఏడుపు కాదు అయ్యవారూ, కథ. శివయ్య మూడో కన్ను తెరిచాడు. కాముడు బూడిదయ్యాడు. తర్వాత?"

"తర్వాత ఏమీ లేదు. కానివ్వండి ప్రభూ!"

"ఉంది!" జనంలోంచి వణికే గొంతు ఒకటి లేచింది. సోమక్కది. "రతీదేవి శివుడి కాళ్ల మీద పడి అడిగింది. స్వామి మనసు కరిగి కాముడికి ప్రాణం పోశాడు. ఒళ్లు లేకపోయినా ఆమె కంటికి కనబడేలా వరమిచ్చాడు."

రేలమ్మ రాజును చూసింది. "నేను రతిని. తమరు శివుడు. నా వరం నాకివ్వండి."

"వేషం వేరు, దేవుడు వేరు!" అని అరిచాడు గురువు.

"అట్లయితే ఆ కాగడా మామూలు మనిషి చేతిలో ఉన్నట్టు. మనిషిని మనిషి కాలిస్తే ఏమంటారు గురువుగారూ?"

వంచిన తలలు ఒక్కొక్కటే లేచాయి. రాజు ఆ కళ్లను చూశాడు. విభూతి మీద చెమట చారలు కట్టింది.

"ఏం కావాలి?"

"ఈ మంటలోకి ఇక ఏ ఆడదీ, ఆమె గజ్జే, ఆమె పాటా రాకూడదు."

"తథాస్తు" అన్నాడు రాజు. ఆ మాట ఆయనకే సరిగా వినబడలేదు. జనానికి మాత్రం వినబడింది.

ఆ పున్నమికి కట్టెలే కాలాయి. ఆ ఏడు వాన కురిసిందా అంటే, ఏదో కాస్త కురిసింది. కురవకపోయినా, నింద మోపడానికి గురువుకు ఇక ఎవరూ దొరికేవారు కాదు.

కనుక పిల్లలూ, ఎవరైనా సగం కథ చెప్పి మిమ్మల్ని భయపెడితే, వణుకుతూనే అయినా మిగతా సగం అడగాలి.