నక్క చెప్పిన పాఠం

గవ్వలవాగు ఒడ్డున సింహం రాజ్యం పోయి పదేళ్ళయింది. అంతవరకు ఏది తప్పో ఏది ఒప్పో సింహం ఆకలిని బట్టి ఉండేది. అది పోయాక జంతువులే నాయకుణ్ణి ఎన్నుకోవడం మొదలుపెట్టాయి. రాసిపెట్టిన చట్టమేదీ లేదు. తొలి నాయకులు ఎలా నడుచుకున్నారో అదే పద్ధతి అయింది. దాన్ని పిల్లలకు నేర్పే పని తాబేలు నాంచారమ్మది.

ఆమె బడిలో ముఖ్యమైన పాఠాలు రెండు. మొదటిది అడవిదున్న వీరన్నది. నాలుగేళ్ళు నాయకుడిగా ఉన్నాక, ఇంకా ఉండమని అందరూ బతిమాలినా వినకుండా, నిండు సభలో, నాయకుడు నిలబడే రాయి దిగి మందలో కలిసిపోయాడు. రెండోది కణుజు దుప్పి లచ్చన్నది. సభ జరుగుతుండగా జోరీగ కుట్టడంతో అదిరిపడి రాయి మీంచి కిందికి దూకాడు. మళ్ళీ ఎక్కమంటే ఒప్పుకోలేదు. "సభలో నేల తొక్కినవాడు దిగినట్టే. ఇవాళ జోరీగ అంటాను, రేపు ఇంకోటి అంటాను. వేరేవాణ్ణి చూసుకోండి" అని మేతకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాయకుడైనవాడు నక్క కామయ్య. అతనికీ నాలుగేళ్ళు నిండుతున్నాయి. దిగే ఆలోచన మాత్రం లేదు. సభకు మూడు రోజుల ముందు బడికి వచ్చాడు. వీరన్న తనంతట తాను దిగలేదని, మోకాలు పట్టు తప్పి జారిపడ్డాడని, లేకుంటే చచ్చేదాకా ఉండేవాడేనని పిల్లలకు నేర్పి, సభలో వాళ్ళచేత చెప్పించమన్నాడు.

"చూసినవాళ్ళు ఉన్నారు కదా నాయకా" అంది నాంచారమ్మ.

"ఎందరు మిగిలారు అవ్వా? మిగిలినవాళ్ళకు ఎంత గుర్తుంది? నీకు కుదరదంటే చెప్పు, బడిని గుట్ట మీదికి మారుస్తాను. గాలి బాగా వస్తుంది."

గుట్ట మీద చుక్క నీరుండదు. అక్కడ తాబేలు వారం బతకదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజంతా నాంచారమ్మ డిప్పలోంచి తల బయటికి పెట్టలేదు. తన ప్రాణం సంగతి అలా ఉంచితే, ఈ అబద్ధం ఒక్కసారి పిల్లల నోట పడిందంటే, వాళ్ళ పిల్లలకూ అదే పాఠం అవుతుంది. ఇక ఏ నాయకుడూ రాయి దిగడు. మర్నాడు ఆమె నింపాదిగా నక్క దగ్గరికి నడిచింది. ఇన్నాళ్ళూ ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకోటి చెబితే పిల్లలు నమ్మరని, నాయకుడే స్వయంగా చెబితే మంచిదని అంది.

"ఒక్క మాట. మా పిల్లలు చేసి చూపిస్తే గాని దేన్నీ నమ్మరు."

"కోళ్ళను నమ్మించినవాణ్ణి అవ్వా. నీ పిల్లలెంత" అన్నాడు కామయ్య.

సభ రోజున పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. నక్క రాయి మీద నిలబడి వీరన్న మోకాలి కథ రసవత్తరంగా చెప్పాడు. ముళ్ళపంది కూతురు గౌరి లేచి, ఏ కాలు జారిందని అడిగింది. కుడి ముందుకాలన్నాడు. అయితే పక్కకు పడాలి కదా అంది కుందేలు పిల్ల. అటు వైపు రాయి నున్నగా లేదే, అక్కడెలా జారాడన్నాడు ఉడత కొడుకు. పెద్దల్లో నవ్వులు మొదలయ్యాయి. కామయ్య చెవులు వేడెక్కాయి.

"సరిగ్గా చూడండి. ఇదిగో, ఇలా" అంటూ కామయ్య కుడికాలు మడిచి, పొట్ట మీద జర్రున జారి, దుమ్ములో రెండు పొర్లు పొర్లాడు. "ఇప్పుడు నమ్ముతారా?"

నమ్ముతామన్నారు పిల్లలు. కామయ్య తోక దులుపుకుని మళ్ళీ రాయి మీద కాలు వేయబోయాడు.

"మామా, మరి రెండో పాఠం?" అంది గౌరి.

పిల్లలంతా బడిలో వల్లించే రాగంలోనే అందుకున్నారు. "సభలో నేల తొక్కినవాడు దిగినట్టే."

అది నటన అన్నాడు కామయ్య. పిల్లల కోసం చేశానన్నాడు. చివరికి తన కాపలాదారు అడవిపంది పోశయ్య వైపు చూశాడు. పోశయ్యా ఆ బడిలో చదువుకున్నవాడే. అతను లేచి వచ్చి, నక్కకూ రాయికీ మధ్య నిలబడ్డాడు.

"జోరీగ కుట్టి పడ్డ లచ్చన్నే మళ్ళీ ఎక్కలేదు. నువ్వు కావాలనే దిగావు. పక్కకు జరుగు కామయ్యా, పొద్దు వాలేలోగా ఇంకొకరిని ఎన్నుకోవాలి."

పొద్దు వాలకముందే ఎలుగుబంటి మంగమ్మను ఎన్నుకున్నారు. నక్క అందరితో పాటు గుంపులో కూర్చుని చేయి ఎత్తాల్సి వచ్చింది. నాంచారమ్మ మూడు రోజుల తర్వాత మెడ పూర్తిగా బయటికి చాచి, తన వాగులోకి దిగి, కడుపునిండా నీళ్ళు తాగింది.

తొలివారి నడత పిల్లలకు కంఠతా వచ్చిన చోట, పదవి పట్టుకు వేలాడేవాడి ఆటలు సాగవు.