ఎత్తుకు తగ్గ బరువు

పొద్దున్న తొమ్మిదైంది. ఎండ కాస్తోంది, గాలి కూడా గట్టిగానే ఉంది. మంగతాయి గుమ్మంలో నిలబడి, తెగిన మొలతాడు చేతిలో పట్టుకుని చూస్తోంది.

అది ఆమె భర్త నూకరాజుది. ఎండాకాలంలో కట్టింది, వానలు పడకముందే పుటుక్కుమంది. అంతకు ముందుదీ అంతే.

"నాసిరకం దారం" అన్నాడు నూకరాజు. చెప్పులు తొడుక్కోవడానికి ఒంగి లేచినందుకే ఆయాసపడుతున్నాడు.

"గాజులు కూడా నాసిరకమేనా మావా?" అంది మంగతాయి.

కూతురు పైడితల్లి చేతికి నిరుడు బిగుతైన గాజులు ఇప్పుడు చెయ్యి దించితే జారిపోతున్నాయి. నిన్న బిందె ఎత్తబోయి, కళ్ళు తిరిగి బావిగట్టు మీదే కూర్చుండిపోయింది. పిల్ల సన్నజాజి తీగలా ఉందని అందరూ మెచ్చుకుంటున్నారు. ఆయన దొరబాబులా ఒళ్ళు చేశాడనీ మెచ్చుకుంటున్నారు. మంగతాయికి మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఆయన గురక ఆగితే భయం, పిల్ల పడుకుంటే లేస్తుందో లేదోనని భయం.

"ఆసుపత్రికి పదండి" అంది.

మరిది అప్పన్న కూడా బయల్దేరాడు. తను లేకపోతే డాక్టరమ్మ చెప్పింది వీళ్ళకి అర్థం కాదని అతని బెంగ. ఊళ్ళో తమంత తెలివైన ఇల్లు లేదని వాళ్ళ నలుగురికీ గట్టి నమ్మకం. "మిగతావాళ్ళు మాట వింటే దాని వెనకాల ఇంకేదో ఉందని తవ్వుతారు వదినా. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదీ!" అంటాడు అప్పన్న.

డాక్టరమ్మ తండ్రినీ కూతురినీ తూకం వేసింది. గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచింది. నడుం చుట్టూ టేపు పెట్టింది.

"మొలతాడు తెగడం, నాలుగడుగులకే ఆయాసం, గాజులు జారడం, కళ్ళు తిరగడం... ఇవన్నీ ఒళ్ళు చెప్పే మాటలు. మనం వినాలి" అంది.

అప్పన్న గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని అన్న పొట్టకి చెవి ఆనించాడు.

"ఏమంటోందిరా?"

"గుర్‌ర్‌ అంటోంది అన్నయ్యా. పకోడీల సంగతనుకుంటా."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. సరదా మనుషులనుకుంది పాపం. అందుకని అందరితో మాట్లాడినట్టే మాట్లాడేసింది.

"చూడండి నూకరాజు గారూ, మీ ఎత్తుకి ఈ బరువు చాలా ఎక్కువ. ఇలాగే వదిలేస్తే గుండెకి ముప్పు. నోరు కట్టుకోవాలి. కాళ్ళకి పని చెప్పాలి. ఇక పిల్లకేమో తన ఎత్తుకి ఈ బరువు చాలదు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. గాలొస్తే ఎగిరిపోయేట్టుంది. రేపు రండి, రక్తం పరీక్ష చేద్దాం."

మంగతాయి చెవిలో రెండే మాటలు మిగిలాయి. గుండెకి ముప్పు. గాలొస్తే ఎగిరిపోయేట్టుంది. దారంతా కూతురి చెయ్యి వదల్లేదు.

ఇల్లు చేరగానే అప్పన్న తువ్వాలు తెచ్చి అన్న నోటికి రెండు ముళ్ళు వేశాడు.

"బిగుతుగా ఉందా అన్నయ్యా?"

"ఉమ్."

"ఇప్పుడు కాళ్ళకి పని చెప్పు."

"ఉమ్, ఉమ్."

"అవునవును, నోరు కట్టేశాం కదా. నేనే చెప్తా. ఒరే కాళ్ళూ! గేదెకి కుడితి పెట్టి రండి!"

కాళ్ళు కదల్లేదు.

"పెద్దవాళ్ళ కాళ్ళని అలా పిలుస్తారా చిన్నాన్నా?" అంది పైడితల్లి.

"నిజమే. కాళ్ళు గారూ, తమరు కాస్త దయచేసి..."

కాళ్ళు గారు అప్పటికీ కదల్లేదు. ఆలోచించుకుంటున్నాయిలే అని వదిలేశారు.

తరవాత పైడితల్లి వంతు. తిన్నది ఒంటికి పట్టాలి. మంగతాయి అన్నం కలిపి పిల్ల చేతులకి రాసింది. జారిపోయింది. పప్పు రాసింది. అదీ జారింది. "జిగురుండాలి వదినా, బెల్లం పాకం పెట్టు" అన్నాడు అప్పన్న. అంతే, చేతులు, మెడ, బుగ్గలు అన్నిటికీ పాకం పట్టించింది తల్లి. చిన్నప్పుడు నూనె రాసినంత మెల్లగా రాసింది. ఈగలొచ్చాయి. చీమలొచ్చాయి. దూడ తాడు తెంపుకుని వచ్చి పిల్లని ఆ చివర నుంచి ఈ చివరదాకా నాకేసింది.

"అయ్యయ్యో, మన పిల్ల బలం దూడకి పోయింది!" అని అప్పన్న నెత్తి బాదుకున్నాడు.

అప్పుడే గాలి విసురుగా కొట్టింది. తీగ మీద ఆరేసిన లంగా ఎగిరి పక్కింటి గోడ దాటింది. మంగతాయి పరుగున వెళ్ళి పొడుగాటి గేదె పలుపు తెచ్చింది.

"కట్టండి" అంది.

పిల్ల నడుముకి కట్టారు. రెండో కొస దేనికి కట్టాలి? బరువైన వస్తువుకి. రోలు చూశారు, గాదె చూశారు. ఇంట్లో అన్నిటికన్నా బరువు నూకరాజు! ఆయన నడుముకి కట్టారు. మంగతాయికి కాస్త ఊపిరి వచ్చింది.

అప్పన్నకి ఉన్నట్టుండి కళ్ళు మెరిశాయి.

"వదినా! అసలు సంగతి మరిచాం. అన్నయ్య ఎత్తుకి బరువు ఎక్కువంది కదా? బరువు తగ్గించడానికి నెలలు పడుతుంది. అదే ఎత్తు పెంచితే?"

అందరూ నోళ్ళు తెరిచారు, కట్టేసిన నోరు తప్ప.

ఇంకేముంది, పశువుల శాలకి నిచ్చెన వేసి నూకరాజుని తాటాకు కప్పు మీదికి ఎక్కించారు. పైడితల్లికి ఎత్తు తగ్గాలి కాబట్టి కొబ్బరి మొక్క కోసం తవ్విన గోతిలోకి దించారు. మధ్యలో వేలాడుతున్న తాడు కాళ్ళకి అడ్డం పడుతోందని అప్పన్న దాన్ని గోతి మీదికి వాలిన వేపకొమ్మ మీదుగా వేశాడు.

"అన్నయ్యా, ఎత్తు చాలిందా?"

కాళ్ళ కింద తాటాకు చిటపటమంటోంది. "ఉమ్! ఉమ్! ఉమ్!" అన్నాడు నూకరాజు.

"చాల్లేదుట. నడిమధ్యకి జరుగు, అక్కడ ఇంకా ఎత్తు!"

జరిగాడు. ఫెళ్ళున కప్పు విరిగింది. నూకరాజు కిందికి, పైడితల్లి పైకి! ఆయన గడ్డిమోపు మీద దభీమని పడ్డాడు. పిల్ల బావిలోంచి చేదలా లేచి వేపకొమ్మ దగ్గర ఆగింది.

"అన్నయ్య కాళ్ళు పనిచేస్తున్నాయి వదినా! చూడు, ఎలా తన్నుకుంటున్నాయో!" అని అప్పన్న చప్పట్లు కొట్టాడు.

మంగతాయికి పైకి చూడాలో కిందికి చూడాలో తెలియలేదు. తాడు పట్టుకుంది. "విప్పు" అంది. అప్పన్న అన్న నడుము దగ్గర ముడి విప్పాడు. తాడు ఆమె అరచేతుల్లోంచి చర్మం లేచేలా జారింది. అయినా వదల్లేదు. పైడితల్లి మెల్లగా నేలకి దిగింది.

"అమ్మా, పైనుంచి మన లంగా కనబడింది" అంది.

మళ్ళీ ఆసుపత్రి. డాక్టరమ్మ కథంతా విని ఈసారి నవ్వలేదు. గీరుకుపోయిన చోటల్లా మందు రాసి, రేపటిదాకా ఆగకుండా పైడితల్లికి రక్తం పరీక్ష కూడా చేసేసింది. ఒక్కో మాటా ఏరి చెప్పింది. "నూకరాజు గారూ, మీ కాళ్ళతో మీరే నడవండి, రోజూ రైలుగేటు దాకా వెళ్ళి తిరిగి రండి. అన్నం తగ్గించి కూర ఎక్కువ తినండి. నోటితోనే. పిల్లకి రక్తం తక్కువగా ఉంది, ఈ బిళ్ళలు మింగాలి. పూటపూటా పప్పు, గుడ్డు తినాలి. కడుపులోకి! ఎవరూ ఏదీ ఎక్కొద్దు." తప్పు పట్టే మాట ఒక్కటీ లేదు. చివరికి మంగతాయి చేతులకి కట్టు కడుతూ, ఆమె మొహం చూసి జాలిపడింది. "వీళ్ళ మీద దిగులుతో నువ్వు సగమైపోయావమ్మా" అంది.

నోరు జారింది. అంతే.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది, గాలి తగ్గింది. మంగతాయి గుమ్మంలో నిలబడి, అందరూ క్షేమంగా వచ్చారో లేదో లెక్కపెట్టింది. మావ, ఒకటి. పైడి, రెండు. అప్పన్న, మూడు. తనని తాను మరిచిపోయేంత తెలివితక్కువది కాదు మంగతాయి. తనని కూడా కలిపింది. అర.

మూడున్నర!

"నలుగురం వెళ్ళాం కదా" అంది. "నా సగం రాలేదు."

అప్పన్న మంచం కింద చూశాడు. పైడితల్లి వీధి చివరిదాకా చూసొచ్చింది. నూకరాజు చెప్పులు తొడుక్కున్నాడు. ఎవరూ పని చెప్పకుండానే ఆయన కాళ్ళు చరచరా ఆసుపత్రి దారి పట్టాయి.

మంగతాయి వెనక నుంచి కేకేసింది.

"మావా! దొరికితే ఎత్తుకోకు, నీకు బరువు పనికిరాదు. నడిపించి తీసుకురా!"

తలుపు తెరిచే ఉంచి, గుమ్మంలో కూర్చుని మళ్ళీ లెక్కపెట్టింది. పైడి, ఒకటి. అప్పన్న, రెండు. తను, అర. ఇంకా ఒకటిన్నర రావాలి.