ఉడుము మామను ఉంచాలా, పంపాలా?

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవికి పెద్ద పేరేమీ లేదు. సింహం లేదు, ఏనుగుల మంద లేదు, తేనెపట్టులు కూడా అంతంత మాత్రమే. ఉన్నదల్లా ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టంటే అక్కడి జంతువులన్నిటికీ ప్రాణం.

జట్టులో అయిదుగురు. గోలు దగ్గర కోతి. దాని ముందు కాపలాగా అడవిపంది. మధ్యలో ముంగిస. ముందు వరుసలో జింక, కుందేలు. వీళ్లకు ఆట నేర్పే కోచ్ ఉడుము మామ. ఆయన ఈ అడవివాడు కాదు, ఏటవతల కొండ నుంచి వచ్చినవాడు. నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. కానీ ఒక పని పట్టుకున్నాడంటే మాత్రం వదలడు.

జట్టుకు పెద్దదిక్కు ముళ్లపంది అవ్వ. అవ్వకు ఫుట్‌బాలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమే. తనూ ఆడదామని వెళ్లిన మొదటి రోజే మూడు బంతులు టప్, టప్, టప్‌మని పేలిపోయాయి. ఇక ఎవరు ఆడనిస్తారు చెప్పండి? పాపం, అప్పటి నుంచీ చూడటంతోనే సరి. అదీ ఒంటరిగానే. పక్కన కూర్చుంటే ముళ్లు గుచ్చుకుంటాయని ఎవరూ దగ్గరికి రారు. అందుకే అవ్వ గోలు వెనక ఒక్కతే కూర్చుని ఆట చూసేది.

ఏటా ఆరు అడవుల మధ్య పోటీలు జరుగుతాయి. ఒక్కో ఏడు ఒక్కో అడవిలో. పోయిన ఏడు దూరపు అడవిలో జరిగినప్పుడు ఉడుము మామ జట్టు రెండో స్థానంలో నిలిచింది. తిరిగి రాగానే అందరూ మామను భుజాల మీద ఎత్తుకుని అడవంతా తిప్పారు. ఈ ఏడు పోటీలు సొంత అడవిలోనే.

"ఇక మనకు తిరుగేముంది!" అని అందరూ మురిసిపోయారు. నెల రోజులు కష్టపడి మైదానం చుట్టూ మట్టి గట్టు పోశారు. పిల్లాపాపలతో కూర్చుని హాయిగా ఆట చూడటానికి!

తీరా ఏం జరిగింది? మొదటి ఆట ఓడిపోయారు. రెండోదీ ఓడిపోయారు. మూడోది ఎలాగో సమం చేశారు. నాలుగోదీ, అయిదోదీ మళ్లీ ఓటమే. ఆఖరిది మరీ ఘోరం. తూర్పు అడవి జట్టు అయిదు గోల్స్ వేస్తే, మనవాళ్లు ఒక్కటీ వేయలేదు. తూర్పు అడవికి మొదటి స్థానం. మనకు ఆరో స్థానం. అదీ సొంత మైదానంలో, సొంతవాళ్ల ముందు. ఎంత అవమానం!

ఆ సాయంత్రమే గట్టు మీద పంచాయితీ పెట్టారు. నక్కబావ అందరికంటే ముందు లేచాడు.

"మన పరువు గంగలో కలిసింది. ఆటగాళ్లు పోయినేటివాళ్లే. మైదానమా, మనదే. ఇంకెవరిది తప్పు? నేర్పినవాడిది. ఉడుమును పంపించేద్దాం!" అన్నాడు.

కుందేలు తల్లి కూడా లేచింది. "మా అమ్మాయిని చూశారుగా? బంతి దొరకగానే దిక్కులు చూస్తోంది. చెంగున ఎగిరే పిల్ల, ఇలా అయిపోయింది. ఏం నేర్పాడో ఏమో!" అంది.

ఇంతలో నెమలి పురి విప్పింది. "జట్టును నాకప్పగించండి. అందంగా ఆడించి చూపిస్తాను" అంది. బంతిని ఏ కాలితో తన్నాలో నెమలికి తెలియదు. కానీ ఆ పురి చూసి సగం మంది అప్పుడే తలలూపేశారు. మరి అంత పెద్ద తోక ఉన్నవాళ్లకు అన్నీ తెలుసనుకోవడం మామూలేగా!

"నువ్వేమంటావు మామా?" అని అడిగింది ముళ్లపంది అవ్వ.

ఉడుము మామ తల దించుకోలేదు. "జట్టు మంచిది. వచ్చే ఏడు నిలబడుతుంది. అందులో నాకేం అనుమానం లేదు. నన్ను ఉంచుతారో పంపుతారో మీ ఇష్టం. కానీ ఈ పిల్లలకు నేర్పాల్సింది ఇంకా సగం ఉంది. సగంలో వదిలి వెళ్లాలంటే నాకు బాధగా ఉంది" అన్నాడు.

ఆ మాట వినగానే ముంగిస ముక్కు చీదింది. జింక మొహం తిప్పుకుంది.

"సరే, పంపే ముందు ఆటగాళ్లను మూడు మాటలు అడుగుతాను" అంది అవ్వ. ముందుగా కుందేలును పిలిచింది.

"అమ్మడూ, ఇవాళ బంతి దొరికినప్పుడు ఏం చేయమన్నాడు మామ?"

"జింక పక్కకు వచ్చేదాకా ఆగమన్నాడు అవ్వా."

"మరి ఆగకుండా తన్నేశావేం?"

కుందేలు నేల చూపులు చూసింది. "తన్నెయ్, తన్నెయ్ అని అమ్మ అరిచింది."

కుందేలు తల్లి చెవులు టక్కున వాలిపోయాయి. అవ్వ అడవిపంది వైపు తిరిగింది.

"నిన్ను చోటు వదలొద్దన్నాడు కదా. ఎందుకు వదిలావురా?"

"మా బాబాయిలు ఏడుగురూ గట్టు మీదే ఉన్నారవ్వా. ముందుకెళ్లరా మొద్దూ అని ఒకటే గోల. వెళ్లకపోతే ఇంట్లో ఊరుకుంటారా?" అంది అడవిపంది.

"నువ్వో?" అని కోతిని అడిగింది అవ్వ.

"చెట్టు మీంచి మావాళ్లు పైకి చూడు, పైకి చూడు అన్నారవ్వా. పైకి చూశాను. బంతి కింద నుంచి వెళ్లిపోయింది."

అందరూ పకపకా నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు.

అవ్వ లేచి నిలబడింది. ముళ్లు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అంటే కోపం వచ్చిందన్నమాట.

"పోయినేడు దూరపు అడవికి జట్టుతో వెళ్లింది ఎవరు? నేనొక్కదాన్నే. అక్కడ ఈ పిల్లలకు ఒక్క గొంతే వినబడింది, మామ గొంతు. ఈ ఏడు ఈ గట్టు మీద నూరుమంది కోచ్‌లు కూర్చున్నారు. గోలు వెనక కూర్చుని నేను ఒకటే చూశాను. బంతి దొరికిన ప్రతిసారీ మనవాళ్లు మైదానం వైపు చూడరు, గట్టు వైపు చూస్తారు. అందుకే ఓడిపోయాం. మామను పంపాలంటే పంపండి. కానీ పంపే ముందు ఒక్క ఆటకైనా ఆయన్ను కోచ్‌గా ఉండనివ్వండి!"

పోటీలు ముగిశాక, అవి జరిగిన అడవి జట్టు గెలిచిన జట్టుతో వీడ్కోలు ఆట ఆడటం ఆ అడవుల ఆనవాయితీ. అది ఎల్లుండే ఉంది.

"అంటే ఆ ఆటకు మేం నోరు మూసుకోవాలా? అది మావల్ల అవుతుందా?" అన్నాడు నక్కబావ.

"అవ్వదని నాకూ తెలుసు. అందుకే తలా ఒక ఉసిరికాయ ఇస్తాను. ఆట అయ్యేదాకా అది బుగ్గలో ఉండాలి. నోరు తెరిచి కాయ పడేసుకున్నవాళ్లు గట్టు దిగి ఇంటికి వెళ్లిపోవాలి" అంది అవ్వ.

"సరే. కానీ మళ్లీ చిత్తుగా ఓడితే మాత్రం మామ మర్నాడే ఏరు దాటాలి" అన్నాడు నక్కబావ.

"అలాగే" అన్నాడు ఉడుము మామ.

ఆట రోజు వచ్చింది. గట్టు మీద అందరి బుగ్గల్లోనూ ఉసిరికాయలే. ఉడతలకు చిన్నవి, ఎలుగుబంటికి పెద్దది. కాకి మీద నమ్మకం లేక దానికి రెండు పెట్టారు. పులుపుకు ఒకరి కన్ను మూసుకుపోతోంది, ఒకరి మూతి వంకర తిరుగుతోంది. తూర్పు అడవి ఆటగాళ్లు బిత్తరపోయి చూశారు. "ఈ అడవిలో అందరికీ ఒకేసారి పంటినొప్పి వచ్చిందా?" అని గుసగుసలాడుకున్నారు.

ఆట మొదలైంది. అంత నిశ్శబ్దం అలవాటు లేక మనవాళ్లు కంగారు పడ్డారు. ఊరికే గట్టు వైపు చూశారు. గట్టు మీద ఎవరూ మాట్లాడరు. ఆ కంగారులోనే తూర్పు అడవి ఒక గోలు వేసేసింది. నక్కబావ అవ్వ వైపు తిరిగి, నేను చెప్పలేదా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నోట్లో కాయ లేకపోతే ఎంత మాట అనేవాడో!

"ఫరవాలేదు. నా మాట వినండి. ఎవరి చోట్లో వాళ్లుండండి" అన్నాడు ఉడుము మామ. ఆయన గట్టిగా అనలేదు. అయినా ఆ మాట అయిదుగురికీ వినబడింది.

కాసేపటికి తూర్పు అడవివాళ్లు మళ్లీ దూసుకొచ్చారు. అడవిపంది కదలకుండా నిలబడింది. పెద్ద బాబాయి ఉండబట్టలేక "ముందుకెళ్ల..." అనబోయాడు. ఉసిరికాయ టపీమని నేల మీద పడింది. బాబాయి మారు మాట్లాడకుండా గట్టు దిగి ఇంటిదారి పట్టాడు. అడవిపంది మాత్రం చోటు వదల్లేదు. వచ్చిన బంతి దానికి తగిలి వెనక్కిపోయింది.

ఇంకోసారి బంతి సరాసరి గోలు వైపు వచ్చింది. కోతి పైకి చూడలేదు, పక్కకు చూడలేదు. బంతినే చూసింది. రెండు చేతులా పట్టేసింది. చెట్టు మీది కోతులు చప్పట్లు కొట్టబోయి కొమ్మలు వదిలేశాయి. ఇద్దరు కిందపడ్డారు, దెబ్బలేం తగల్లేదు లెండి.

ఇక కొంచెం సేపే మిగిలింది. అప్పుడు కుందేలుకు బంతి దొరికింది. ఎదురుగా గోలు కనబడుతోంది. గట్టు మీద కుందేలు తల్లి లేచి నిలబడింది. తన్నెయ్యవే తల్లీ అని గొంతు దాకా వచ్చింది. ఉసిరికాయను పళ్లతో గట్టిగా కరిచి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుందేలు అలవాటుగా తల్లి వైపు చూసింది. తల్లికి ఆ చూపు అర్థమైంది. ఇన్నాళ్లూ బిడ్డ ఇలాగే తన వైపు చూసేది, తను అరిచేది. ఈసారి తల్లి మొహం అటు తిప్పేసుకుంది.

కుందేలు ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత మైదానం వైపు చూసింది. తూర్పు అడవి దుప్పి ఒకటి తన మీదికే వస్తోంది. కుందేలు ఆగింది. దుప్పి ఇంకా దగ్గరికి వచ్చింది. అయినా ఆగింది. జింక పక్కకు చేరగానే బంతిని మెల్లగా దానివైపు నెట్టింది. జింక ఒక్క తన్ను తన్నింది. గోలు!

గట్టు మీద నుంచి ఉసిరికాయలు వానలా రాలాయి. ఇక ఎవరు ఆగుతారు? అడవంతా కేకలే. ఒకటి, ఒకటి. ఆట సమంగా ముగిసింది. మొన్న అయిదు గోల్స్‌తో తమను చిత్తుచేసిన జట్టుతోనే!

కుందేలు తల్లి పరుగు పరుగున ఉడుము మామ దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యా, తప్పు నాదే. నేను అరిచి ఉంటే అది తన్నేసేది. ఆ దుప్పి కాళ్లకు తగిలి బంతి వెనక్కి వచ్చేది. ఏడాదంతా నా కూతుర్ని ఆడనివ్వనిది నేనే. నిందేమో నీ మీద వేశాను" అంది.

"నా తప్పు కూడా ఉందమ్మా. అరవద్దని మీకు మొదటి రోజే చెప్పాల్సింది. పరాయివాణ్ణి కదా, ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. కోచ్ అన్నవాడు అలా ఊరుకోకూడదు. ఇకమీదట ఊరుకోను" అన్నాడు మామ.

నక్కబావ గొంతు సవరించుకున్నాడు. "మామను పంపించాలనేవాళ్లు కాలెత్తండి" అన్నాడు. ఒక్క కాలూ లేవలేదు. నక్కబావ తన నాలుగు కాళ్లనూ నేలకు మరింత అదిమి పెట్టి నిలబడ్డాడు. నెమలి ఎప్పుడో పురి ముడుచుకుని వెళ్లిపోయింది.

"మరి వచ్చే ఏడు మేమేం చేయాలి మామా?" అని అడిగాడు నక్కబావ.

"గోలు వేస్తే చప్పట్లు కొట్టండి. గోలు పోయినా కొట్టండి. ఏం చేయాలో చెప్పడం మాత్రం నాకు వదిలేయండి" అన్నాడు ఉడుము మామ.

అప్పుడే కుందేలు ఒళ్లంతా దుమ్ముతో రొప్పుతూ వచ్చి తల్లి ముందు నిలబడింది.

"అమ్మా, బాగా ఆడానా?" అని అడిగింది.

తల్లి దాని చెవులు నిమిరింది. బాగా ఆడావే అన్న మాట నోటి దాకా వచ్చింది.

"నన్నడుగుతావేంటే పిచ్చిదానా, వెళ్లి మీ మామనడుగు" అంది.

నీతి: ఒకరికి పని అప్పగించాక, ఆ పని వాళ్లను చేయనివ్వాలి. చేయనివ్వకుండా అడ్డుపడి, చెడిపోయాక తప్పంతా వాళ్లదే అనడం న్యాయం కాదు.