నక్క గుహలో చూసిన నాడి

కొండ కింద గడ్డి మాడిపోయింది. నాలుగు రోజుల్లో మేకల మంద కొండ మీదికి మకాం మార్చాలి. వయసు మళ్లినవాళ్లు నాడి చూపించుకున్నాకే ఎక్కాలని మంద కట్టుబాటు. నాడి పట్టేది నక్క ఒక్కటే. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా!

చుక్కమ్మ అనే మేక నక్క గుహకు వెళ్లింది. నక్క దాని మెడ మీద పంజా ఆనించి, బయట వడ్రంగిపిట్ట కొడుతున్న టక్కుల్ని విన్నది.

"టక్కుకు ఒక్కసారి గుండె కొట్టుకుంటే ఆరోగ్యం. నీది మూడుసార్లు కొట్టుకుంటోంది! కొండెక్కావో, సగం దారిలోనే పోతావు. మందను పోనీ చుక్కమ్మక్కా. నువ్విక్కడే ఉండు, నేను కనిపెట్టుకుని ఉంటాగా!"

చుక్కమ్మ ఏడుస్తూ గాడిద మామ దగ్గరికొచ్చి నక్క అన్నదంతా చెప్పింది. "నా కడగొట్టు పిల్ల ఒక్కతే కొండెక్కాలి మామా. పాలు కూడా మరవలేదు."

"ఆ వైద్యుడు నాడి ఎక్కడ చూశాడు?"

"గుహలోనే."

"అక్కడేం కనబడింది?"

"ఎముకలు. ఒకదానికి గంట కూడా ఉంది, తప్పిపోయిన మా వదిన గంటలాగే. మందులోకేమో అనుకున్నా."

"ఓసి పిచ్చిదానా! అది చూశాక గుండె మూడు కాదు, ముప్పై కొట్టుకోదూ? మూడు పూటలు నీ పాకలో, నువ్వు నెమరేస్తుండగా చూద్దాం. అప్పుడూ మూడే కొడితే కొండ మానెయ్."

గాడిద మూడు పూటలూ మెడకు మూతి ఆనించి విన్నది. పాక మీది వడ్రంగిపిట్ట టక్కుకు ఒక్కటే! చుక్కమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ప్రయాణం నాటి ఉదయం నక్క వచ్చింది. "పద చుక్కమ్మక్కా, గుహ ఊడ్చి పెట్టా."

"వైద్యుడుగారూ, మీ విద్య నాకూ కాస్త అబ్బింది. ఏదీ, మీ మెడ ఇలా పెట్టండి" అంది గాడిద. నక్క మురిసిపోయి మెడ చాచింది. అంతలో మంద కాసే కుక్క వచ్చి, ఆవులిస్తూ పక్కనే చతికిలబడింది.

గాడిద మూతి ఆనించి విని, "అయ్యయ్యో! టక్కుకు నాలుగు! తమరు కదలకూడదు. మా కుక్క కనిపెట్టుకుని ఉంటుంది లెండి" అంది.

"ఛీ! కుక్క పక్కనుంటే ఎవడి గుండె కుదురుగా ఉంటుందయ్యా?" అని అరిచి, నక్క నాలిక్కరుచుకుంది.

"నా జబ్బూ అదే వైద్యుడుగారూ" అని చుక్కమ్మ పిల్లను ముందు నడిపించుకుంటూ కొండెక్కింది. నక్క మాత్రం కుక్క మళ్లీ ఎప్పుడు ఆవులించి కళ్లు మూస్తుందా, ఎప్పుడు జారుకుందామా అని చూస్తూ అక్కడే ఉండిపోయింది.

బెదిరిన చోట పట్టిన నాడి బెదురునే చెబుతుంది. కుదురుగా ఉన్న చోట మళ్లీ చూశాకే జబ్బని నమ్మాలి.