ఎక్కని గొంతు

రేపల్లె కాలవగట్టు చర్చిలో కంప్యూటరు చూసుకునే బర్నబాసు మంచి పనివాడే గాని, తన పనిలో తప్పు దొర్లిందని నలుగురికీ తెలియడం కంటే ప్రాణం పోవడమే నయమనుకునేవాడు.

ఆ చర్చికి కంప్యూటరు వచ్చిందే అతని వల్ల. బజార్లో అతనికి ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు తయారుచేసే చిన్న షాపు ఉండేది. అక్కడి పాత కంప్యూటరును తెచ్చి చర్చిలో వెనక గోడ దగ్గర బల్ల మీద పెట్టాడు. ప్రొజెక్టరును పైకప్పుకు వేలాడదీశాడు. వేదిక వెనక గోడకు తెల్లరంగు కొట్టించి, దాని మీద పాటల చరణాలు పెద్ద పెద్ద అక్షరాలతో పడేలా చేశాడు. కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన ముసలమ్మలు సైతం తలెత్తి హాయిగా పాడుకునేవారు. పాస్టరుగారి ప్రసంగాన్ని వీడియో తీసి, ఒంట్లో బాగాలేక రాలేని వాళ్ల ఫోన్లకు పంపేవాడు కూడా.

అయితే మనిషన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఒకసారి ఒక పాట పాడుతుంటే ఇంకో పాట పడింది. మరోసారి ఫాంటు ఎక్కించడం మరచిపోతే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. అలాంటప్పుడు బర్నబాసు గబుక్కున ప్రొజెక్టరు ఆపేసి, ప్రార్థన ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాడు. ప్రార్థన అనగానే అందరూ కళ్లు మూసుకుంటారు కదా! ఆ కాసేపట్లో పిల్లిలా లేచి, వైర్లు సర్ది, అక్షరాలు దిద్ది, ఆమేన్ అనే వేళకు ఏమీ ఎరగనట్టు కుర్చీలో ఉండేవాడు. పాస్టరుగారు ప్రార్థన ఎంత సాగదీస్తే అతనికి అంత సుఖం. పొడుగు ప్రార్థనల మీద అంత భక్తి ఉన్నవాడు ఆ సంఘంలో మరొకడు లేడు.

"మా బర్నబాసు చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదు" అనేవారు సంఘస్థులు. ఆ మాట వినడం అతనికి అలవాటైపోయింది.

ఇలా ఉండగా నతానియేలు పాస్టరుగారి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు గుంటూరు డాక్టర్లు. ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం ఉండదు. ఆపరేషన్‌కు ముందు వచ్చే ఆదివారమే ఆయన ఆఖరి ప్రసంగం అని తేలిపోయింది.

శనివారం సాయంత్రం బర్నబాసు చర్చిలో కెమెరా సర్దుతుండగా పాస్టరుగారి భార్య మార్తమ్మగారు గోడ పట్టుకుని మెల్లగా వచ్చారు. షుగరు వ్యాధితో ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది.

"బర్నబాసూ, ఉన్నావా నాయనా?"

"ఉన్నానమ్మగారూ, వందనాలండీ. రేపటికి పెద్ద కెమెరా తెప్పించానండీ. బొమ్మ అద్దంలా వస్తది చూడండి."

"బొమ్మతో నాకేం పని అబ్బాయ్? ఆయన మొహం ఎట్టా ఉంటదో సగం మర్చేపోయాను. నాకు ఆయనంటే ఆ గొంతే. ఇక అదీ ఉండదంట. రేపు ఆయన చెప్పేదంతా నాకోసం దాచిపెట్టు. రోజూ పెట్టుకుని వింటా."

బర్నబాసుకు కళ్లు చెమర్చాయి. "ఒక్క మాట కూడా పోనివ్వనండీ. పూచీ నాది" అన్నాడు. ఆమె వెళ్లాక అన్నీ కలిపి, రికార్డు చేసి, పెట్టుకుని విన్నాడు. బొమ్మా, మాటా చక్కగా వచ్చాయి.

ఆదివారం పొద్దున్నే పాటలవాళ్లు సాధన చేస్తుంటే స్పీకర్లు గుయ్యిమని మోత మొదలుపెట్టాయి. వేదిక పక్కనున్న మైకు మిషన్ నుంచి వెనక కంప్యూటరుకు వెళ్లే వైరును బర్నబాసు పీకేశాడు. మోత ఆగింది. మళ్లీ పెడదాంలే అనుకున్నాడు. ఇంతలో ఎవరో కుర్చీలు చాల్లేదన్నారు. ఎవరో ఫ్యాను తిరగడం లేదన్నారు. పక్క ఊళ్ల నుంచి కూడా జనం పోటెత్తారు. ఆ హడావుడిలో వైరు సంగతి అతని బుర్రలోంచి జారిపోయింది.

పాటలయ్యాయి. పాస్టరుగారు మైకు ముందుకు వచ్చారు. బర్నబాసు రికార్డింగ్ మొదలుపెట్టి కంప్యూటరు తెర వంక చూశాడు. బొమ్మ నిజంగానే అద్దంలా ఉంది. కానీ గొంతు ఎక్కుతుంటే ఎగిరిపడాల్సిన పచ్చగీత కదలకుండా పడుకుని ఉంది.

అతనికి వైరు గుర్తొచ్చింది. ఫ్యాన్ల హోరు పడుతుందని కెమెరాలోని చిన్న మైకును తనే ఆపేశాడు. అంటే ఒక్క ముక్క కూడా ఎక్కడం లేదు.

చెయ్యాల్సిన పని చిన్నదే. లేచి, ముందుకు నడిచి, వైరు తగిలించాలి. "అయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి, ఎక్కడం లేదు" అనాలి. అంతే. కానీ మధ్యలో కిక్కిరిసిన జనం. అందరూ తలలు తిప్పి చూస్తారు. బర్నబాసు కూడా తప్పు చేస్తాడా అనుకుంటారు. అతను సగం లేచి మళ్లీ కూలబడ్డాడు.

'నడుమ ఎక్కడో ప్రార్థన చేయిస్తారులే, అప్పుడు చూద్దాం' అనుకున్నాడు.

పాస్టరుగారు ఆ రోజు వాక్యం కంటే ఎక్కువగా తన జీవితమే చెప్పారు. కొత్తగా పెళ్లయి రేపల్లె బస్సు దిగిన రోజు. తాటాకుల షెడ్డులో మొదటి ఆరాధన. గాలివానకు కప్పు లేచిపోతే మార్తమ్మ పట్టుకొచ్చిన దుప్పటి కింద పదిమందీ నిలబడి పాడిన పాట. జనం నవ్వారు, ఏడ్చారు. ఆ మాటల్లో ఒక్కటి కూడా కంప్యూటరులోకి రాలేదు. బర్నబాసు లేవబోయి మళ్లీ మళ్లీ కూర్చుంటున్నాడు. అతని కుర్చీ కిర్రుకిర్రుమంటూనే ఉంది. లేద్దామా? ఇప్పుడా? ఇంత సేపటి తర్వాత లేస్తే ఇందాకే ఎందుకు చెప్పలేదంటారు. ఆలస్యమైన కొద్దీ లేవడం ఇంకా కష్టమైపోయింది. ఎప్పుడూ ప్రార్థన మీద ప్రార్థన చేయించే మనిషి ఆవేళ ఒక్కసారైనా కళ్లు మూసుకోమనలేదు.

పాస్టరుగారి గొంతు బొంగురుపోయింది. దగ్గు వచ్చింది. నీళ్లు తాగి, చివరికి గుసగుసలాడినట్టు అన్నారు.

"ప్రార్థన చేసుకుందాం."

అందరూ కళ్లు మూసుకుని, ఎవరి ప్రార్థన వారు పైకే చెయ్యసాగారు. బర్నబాసు మునివేళ్ల మీద ముందుకు నడిచాడు. మైకు మిషన్ దగ్గర వంగి, వైరు చేతిలోకి తీసుకున్నాడు. పక్కనే ఆడవాళ్ల వైపు మొదటి కుర్చీలో మార్తమ్మగారు కూర్చుని ఉన్నారు. కళ్లు మూసినా తెరిచినా ఆమెకు ఒకటే. ఆమె చెవులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

"నువ్వేనా బర్నబాసూ?" అన్నారామె చాలా మెల్లగా. "ఇందాకట్నుంచీ నీ కుర్చీ ఒకటే మోత. ఏమైంది నాయనా? ఎక్కిందా?"

ఎక్కిందనేస్తే ఈ పూటకు గండం గడిచిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ముఖం చూస్తూ అనలేకపోయాడు.

"ఎక్కలేదమ్మగారూ."

"మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీనండీ. నేను అప్పుడే చూశాను. లేచి చెప్పడానికి సిగ్గేసింది."

ఆమె తిట్టలేదు. "అప్పుడే ఒక్క కేకేస్తే ఆయన మళ్లీ మొదలుపెట్టేవారు గదయ్యా. అప్పుడు గొంతుంది" అన్నారు.

ఆ మాట బర్నబాసు గుండెలో దిగబడిపోయింది. అతను వైరు తగిలించాడు. ఆమేన్ అన్నారు, అందరూ కళ్లు తెరిచారు. ఈసారి అతను తన కుర్చీకి పరుగెత్తలేదు. అందరి ముందూ అక్కడే నిలబడ్డాడు.

"అయ్యగారూ, మీరు చెప్పింది ఎక్కలేదండీ. తప్పు నాదే. తెలిసి కూడా దాచాను. ఇప్పుడు ఎక్కుతోంది. అమ్మగారి కోసం ఇంకొక్కసారి..." ఏడ్చేశాడు.

పాస్టరుగారు మైకు పట్టుకుని నోరు తెరిచారు. గాలి వచ్చింది గాని మాట రాలేదు. ఎంతో ప్రయాసపడితే చీలిపోయిన గొంతుతో కొన్ని మాటలు వచ్చాయి.

"మార్తా... పొద్దున మాత్ర వేసుకున్నావా? మర్చిపోయుంటావులే. ఉండు, నీళ్లు తెస్తా."

అంతే. అవి ఆయన రోజూ ఇంట్లో ఆమెతో అనే మాటలే. ఇంకేమీ రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పాస్టరుగారు ఇంటికి వచ్చాక బర్నబాసు ఆ చిన్న ముక్కను ఒక ఫోన్లో ఎక్కించి తీసుకెళ్లాడు. ఏ మీట నొక్కాలో మార్తమ్మగారి వేలు పట్టుకుని నేర్పాడు. ఆమె నొక్కారు. బొంగురుపోయిన ఆ గొంతు మాత్ర వేసుకున్నావా అని అడిగింది.

"వేసుకున్నానండీ" అన్నారామె. పక్కనే కూర్చున్న పాస్టరుగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. తాటాకుల షెడ్డు, గాలివాన, దుప్పటి కింద పాట ఏవీ ఆ ఫోన్లో లేవు. బర్నబాసు అక్కడ కూర్చోలేక బయటికి వచ్చేశాడు.

ఆ తర్వాత ఏ ఆదివారమైనా సరే, కొత్త పాస్టరుగారి ప్రసంగం మొదలయ్యే ముందు బర్నబాసు వెనక నుంచి చెయ్యెత్తి లేచి నిలబడేవాడు. "ఒక్క నిమిషం ఆగండయ్యా, గొంతు ఎక్కుతోందో లేదో చూస్తాను" అని కేకేసేవాడు. తప్పుంటే తప్పుందని చెప్పేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. అందరూ కళ్లు తెరుచుకునే కాచుకునేవారు.

నీతి: తప్పు తెలిసిన క్షణమే బయటపెడితే పోయేది కాస్త పరువే, ఎవరూ చూడనప్పుడు దిద్దుకుందామని దాచిపెడితే, ఇక దిద్దుకునే వీలే లేకుండా పోతుంది.