చుక్కయ్య చెప్పిన ఏడు మాటలు

అనగనగా మోదుగపురంలో ధీరసేనుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు. రెండోవాడు రణశూరుడు. మూడోవాడు పుట్టేసరికి ఇంట్లో ఇక రణాలు చాలనిపించి, రాణి హేమాంగి వాడికి మకరందుడని పేరు పెట్టుకుంది.

రాణికి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, ఆమె కాచే శొంఠి కషాయం. ఎంత మొండి దగ్గయినా మూడు పూటల్లో పారిపోవలసిందే. రెండోది, ఆమె పెంచే తాబేలు చుక్కయ్య. వీపు నిండా పసుపు గీతలు చుక్కల్లా విరిసి ఉంటాయి కనుక దానికా పేరు. దాని మంచీ చెడూ రాణే చూసేది, ఇంకొకరిని వేలు పెట్టనిచ్చేది కాదు.

ఒకరోజు ఏడు సముద్రాల అవతల నుంచి కాలజంఘుడనే మాంత్రికుడు దగ్గుకుంటూ, వణుక్కుంటూ వచ్చాడు.

"రాణీ, ఇది ముప్ఫై ఏళ్ళ దగ్గు. తగ్గించావా, నీకు మేలు. తగ్గించలేదా, నీకు కీడు" అన్నాడు.

రాణి మూడు రోజులు కషాయం ఇచ్చింది. కుంపటి పక్కన కూర్చోబెట్టింది. కంబళి కప్పింది. అయినా దగ్గు తగ్గలేదు, వణుకూ తగ్గలేదు. మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటె చేతిలో ఉండగానే రాణిని రాతిబొమ్మని చేసేసి వెళ్ళిపోయాడు.

వాడి ప్రాణం వాడి కోటలోని చిలకలో ఉందని లోకమంతటికీ తెలుసు. చిలకని చంపుతానని రణధీరుడు కత్తి దూసి వెళ్ళాడు. తిరిగి రాలేదు. రణశూరుడు రెండు కత్తులు దూసి వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు. మకరందుడు బయల్దేరబోతే రాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"మిగిలింది నువ్వొక్కడివే నాయనా. నువ్వూ పోతే నేను గోడలతో మాట్లాడుకోవాలి" అన్నాడు.

మకరందుడు వెళ్ళి అమ్మ బొమ్మ దగ్గర కూర్చున్నాడు. అప్పుడు కనబడింది చుక్కయ్య. ఇంటెడు గొడవలో అందరూ దాన్ని మరిచిపోయారు. అది తనంతట తానే పెరట్లోంచి నడిచొచ్చి, రాణి పాదం పక్కన మెడ చాపి పడుకుంది.

'అమ్మ కోసం ఏమీ చేయలేకపోయాను. అమ్మ తాబేలునైనా చూసుకుంటాను' అనుకున్నాడు మకరందుడు. అనుకున్నాడు గానీ పిల్లలూ, వాడు పుట్టి బుద్ధెరిగి చీమనైనా పెంచినవాడు కాదు.

మొదటి రోజు ఏం చేశాడు? తాబేలంటే నీళ్ళలో ఉండేదే కదా అని వెండి తొట్టి నిండా నీళ్ళు పోయించి అందులో వదిలాడు. చుక్కయ్య బుడుంగున మునిగింది. పువ్వులు తెచ్చిన తోటమాలి కూతురు చెంగల్వ అది చూసి, పూలసజ్జ పడేసి పరుగెత్తి పైకి తీసింది.

"ఇది మెట్ట తాబేలు దొరా. కాళ్ళు చూడండి, ఏనుగు కాళ్ళలా ఉన్నాయి. వీటితో ఈదుతుందా? పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు దీని గడ్డం దాకా పోస్తే చాలు. రాణమ్మ అలాగే చేసేవారు."

మకరందుడి ముఖం పాలిపోయింది. "అమ్మకి చెప్పకు చెంగల్వా" అన్నాడు.

"చెప్పను దొరా. ముందు అమ్మని లేవనివ్వండి" అంది చెంగల్వ. ఆ మాటకి ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి.

రెండో రోజు ఏం చేశాడు? నెయ్యి కారే పరమాన్నం పెట్టాడు. చుక్కయ్యకి కడుపు చెడింది. చెంగల్వ నవ్వు ఆపుకుని, "రాజుగారి తాబేలైనా గరికే తింటుంది దొరా" అని గరిక, మునగాకు, మందార పువ్వు తెచ్చి పెట్టింది.

మూడో రోజు ఏం చేశాడు? ఎవరి కంటా పడకూడదని లోపలి రాతిగదిలో పట్టుపరుపు మీద పడుకోబెట్టి తలుపు మూశాడు. నాలుగు రోజులకి చుక్కయ్య మేత మానేసింది. కళ్ళు మూసుకుపోయాయి. ముక్కులో బుడగలు. మకరందుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెంగల్వ ఇంటికి పరుగెత్తాడు.

"ఎండ తగలక జలుబు చేసింది. పొద్దుటెండ కావాలి, ఎక్కువైతే దూరడానికి పక్కనే కాస్త నీడ కావాలి. ఇది అరవదు, ఏడవదు. దీని కష్టం మనమే చూసి తెలుసుకోవాలి దొరా" అంది చెంగల్వ.

మకరందుడు వారం రోజులు పొద్దున్నే ఎండలో దాని పక్కనే కూర్చున్నాడు. ఎనిమిదో పొద్దున చుక్కయ్య కళ్ళు తెరిచి మందార పువ్వు కొరికింది. మకరందుడికి కొండంత రాజ్యం దొరికినా అంత సంతోషం కలిగేది కాదు. అప్పుడే చుక్కయ్య నోరు విప్పి "పద" అంది.

తాబేళ్ళు మాట్లాడతాయా అని అడగకండి. మాట్లాడతాయి. కాకపోతే వాటికి తొందర లేదు.

అది "పద" అన్నది ఎక్కడికో మకరందుడికి తెలుసు. చెంగల్వే రాజుకి నచ్చజెప్పి ఒప్పించింది, గరిక మూట కట్టి ఇచ్చింది. మకరందుడు బుట్టలో మట్టి పరిచి, చుక్కయ్యని కూర్చోబెట్టి, రెండు చేతులా పట్టుకుని ఓడెక్కాడు.

"తాబేలుకి ఓడెందుకు దొరా? నీళ్ళలో వదలండి, మనకంటే ముందే చేరుతుంది" అన్నారు ఓడవాళ్ళు.

"ఇది మెట్ట తాబేలు" అన్నాడు మకరందుడు, పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడిలా.

మొదటి సముద్రం దాటాక చుక్కయ్య "దగ్గు" అంది. నీకు కూడానా అని వాడు కంగారుపడ్డాడు. రెండో సముద్రం దాటాక "వాడిది" అంది. మూడో సముద్రం దాటాక "కాదు" అంది. నాలుగో దాని తర్వాత "చిలకది". ఐదో దాని తర్వాత "మందు". ఆరో దాని తర్వాత "నీకు". ఏడో సముద్రం దాటి ఒడ్డున దిగాక "తెలుసు" అంది.

మకరందుడు ఏడు మాటలూ కలిపి చూసుకున్నాడు. కుంపటి పక్కన కూర్చుని కూడా మాంత్రికుడు వణికిన సంగతి గుర్తొచ్చింది. మందు మటుకు ఏమిటో తోచలేదు.

కోట గుమ్మంలో అన్నలిద్దరూ కత్తులెత్తిన రాతిబొమ్మలై ఉన్నారు. కత్తి ఎత్తినవాణ్ణి రాయి చేసే గుమ్మం అది. మకరందుడి రెండు చేతుల్లోనూ బుట్టే ఉంది, ఇక ఏ చేత్తో ఎత్తుతాడు? నేరుగా లోపలికి నడిచాడు. ఏడు తలుపుల వెనక నేలమాళిగలో, బంగారు పంజరంలో, పట్టు దిండు మీద చిలక ముడుచుకుని ఉంది. ముందు బాదంపప్పు రాశి, ముట్టనైనా ముట్టలేదు. కళ్ళు మూసుకుపోయాయి. ముక్కులో బుడగలు.

మెడ నులిమితే అమ్మ పగ తీరుతుంది. మకరందుడు చిలకని చేతిలోకి తీసుకున్నాడు. దాని గుండె వాడి వేళ్ళ మధ్య గజగజలాడింది. 'నేను చేసిన తప్పే ఇక్కడా చేశారు' అనుకున్నాడు.

వెనక దగ్గు వినిపించింది. కాలజంఘుడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నులుమరా, ఆలస్యమెందుకు?" అన్నాడు నీరసంగా.

"మూడు పొద్దులు దీన్ని నాకివ్వండి. మీ దగ్గు తగ్గకపోతే నన్నూ రాయిని చెయ్యండి. తగ్గితే మా అమ్మనీ అన్నలనీ ఇచ్చెయ్యండి" అన్నాడు మకరందుడు.

మొదటి పొద్దు చిలకని ఎండలో కూర్చోబెట్టాడు. మాంత్రికుడి వణుకు తగ్గింది. రెండో పొద్దు చిలక జామపండు పొడిచింది. మాంత్రికుడికి ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆకలేసింది. మూడో పొద్దు చిలక రెక్కలు విదిల్చి "అన్నా, వెచ్చగా ఉంది" అంది. మాంత్రికుడు దగ్గబోయాడు. దగ్గు రాలేదు.

వాడు మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ప్రాణం కదా అని భద్రంగా దాచాను నాయనా. ఎండ కావాలని నాకెవరూ చెప్పలేదు."

"నాకూ మొదట తెలియదు. ఒకమ్మాయి చెప్పింది. ఆమెకి రుణపడి ఉన్నాను" అన్నాడు మకరందుడు.

మాంత్రికుడు చప్పట్లు చరిచాడు. అన్నలిద్దరూ ఆవలించి కదిలారు. మోదుగపురంలో రాణి చేతిలో గరిటె కదిలింది.

కొడుకులు ఇల్లు చేరగానే రాణి అడిగిన మొదటి మాట, "చుక్కయ్యకి మేత వేశారా?" మకరందుడు బుట్ట ముందు పెట్టాడు. రాణి దాని కళ్ళు చూసింది, ముక్కు చూసింది, వీపు నిమిరింది. "నాకంటే బాగా చూసుకున్నావు నాయనా" అంది. మకరందుడు అమ్మ కొంగులో ముఖం పెట్టుకుని తనివితీరా ఏడ్చాడు.

చెంగల్వతో వాడి పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. కాలజంఘుడు చిలకని భుజాన పెట్టుకుని జామపళ్ళ బుట్టతో వచ్చాడు. కదలకుండా కూర్చోవడమంటే అన్నలిద్దరికీ విసుగెత్తిపోయింది కనుక సింహాసనం తమ్ముడికే వదిలేశారు. రాజయ్యాక కూడా మకరందుడు రోజూ పొద్దున్నే ఎండలో చుక్కయ్య పక్కన కాసేపు కూర్చుని దండం పెట్టుకునేవాడు.

పెళ్ళినాడు చుక్కయ్య "నాయనా" అంది. మళ్ళీ ఏడాది పెళ్ళిరోజుకి "నన్ను" అంది. ఆ పై ఏడాది "తొట్టిలో". ఆ పై ఏడాది "వేసిన". తర్వాత "సంగతి". ఆ తర్వాత "అమ్మకి". ఏడో మాట కోసం సభంతా ఊపిరి బిగబట్టింది. చుక్కయ్య నిదానంగా మెడ చాపి "చెప్పనులే" అంది.

"ఏ తొట్టి?" అంది రాణి హేమాంగి.

చెంగల్వ నవ్విన నవ్వు ఏడు సముద్రాల అవతలికి వినబడిందట. వాళ్ళు నలభై ఏళ్ళు చల్లగా రాజ్యం చేశారు. కథ మాత్రం చుక్కయ్య వీపెక్కి కంచికి బయల్దేరింది. ఇంకా దారిలోనే ఉంది.